పెంపకం మాట

ఉదయగిరి నుంచి ఆత్మకూరు కాలేజీకి రోజూ బస్సులో వెళ్లే జువాలజీ లెక్చరర్ యాకోబు గారికి, చదివింది పక్కవాళ్లకు చెప్పందే తోచేది కాదు. చెబుతున్నంతసేపూ వేలితో కణత మీద తట్టుకునేవారు. తొంభై ఆరులో ఒక ఉదయం పక్క సీట్లో కూర్చున్న చాంద్‌బీ అనే అమ్మాయి, మెదడువాపు జ్వరంతో తన బిడ్డ పోయి నెల కూడా కాలేదని చెప్పుకుని ఏడ్చింది. ఆమెను ఓదార్చాలని ఆయన తనకు తెలిసిన దారిలోనే మొదలుపెట్టారు.

“తలలో కాపలా కణాలుంటాయమ్మా. వాటి పక్కనుండే సాయం కణాలే వాటిని పెంచి పెద్ద చేస్తాయంట. పసిబిడ్డల్లో ఆ పెంపకం ఇంకా పూర్తి కాదు. అందుకే తట్టుకోలేకపోయినాడేమో.”

చాంద్‌బీ ఏడుపు ఆగిపోయింది.

“పెంపకం చాల్లేదా సార్? చంక దించకుండా సాకినానే.”

“నీ పెంపకం కాదమ్మా, లోపల...” అని ఆయన అంటుండగానే మర్రిపాడు వచ్చింది. ఆమె పైట ముఖానికి అడ్డం పెట్టుకుని దిగిపోయింది. యాకోబు గారు కిటికీలోంచి తల బయటపెట్టి, “నీ తప్పేం లేదమ్మా!” అని అరిచారు. బస్సు కదిలే చప్పుడులో ఆ మాట ఆమెకు చేరలేదు.

ఆ తరవాత చాలా రోజులు, మర్రిపాడులో బస్సు ఆగినప్పుడల్లా ఆయన కిందికి దిగి జనంలో వెతికేవారు. ఆమె మళ్లీ కనిపించలేదు.