అడ్డు చెప్పని కెమెరా

అల్జీరియాలోని కాన్‌స్టంటీన్‌లో ఆడవాళ్ళ పెళ్ళి విందులకు ఫొటోలు తీసేది మా హూరియా అక్క. ఏడో తరగతిలోనే బడికి సలాం కొట్టిన నేను ఆమె కారు డ్రైవర్ని, అడగకపోయినా సలహాదారుని. వంతెన మీద గాలికి లోయలోకి ఎగిరిపోతున్న పెళ్ళికూతుర్ని మేలిముసుగు పట్టుకుని వెనక్కి లాగానంటే ఈ ఊళ్ళో ఎవరూ నమ్మరు. పోనీండి, ఇది అలాంటిది కాదు.

ఆడవాళ్ళ విందులో తీసిన ఫొటోలు ఫొటోగ్రాఫర్ ఇంటికి వెళ్ళకూడదు. కెమెరాలోంచి ఫొటోలుండే మెమరీ కార్డు తీసి పెళ్ళికూతురి చేతిలో పెట్టి, ఆ తర్వాతే కాఫీ తాగాలి. అక్క ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

బావ పోయిన ఏడాదికి, కూతురు నిహాద్ పెళ్ళికని అక్క కొత్త కెమెరా కొంది. ఊళ్ళో అంత ఖరీదైనది ఇంకోటి లేదు. తిప్పి తిప్పి చూశాను. చిన్న ఫ్లాష్ కూడా లేదు. అన్నీ తనే చూసుకునే మీటా లేదు.

"దీనికంటే నా ఫోనే నయం" అన్నాను.

"నీకు బడే అర్థం కాలేదు, కెమెరా అర్థమవుతుందా?" అంది అక్క. పనితెలిసినవాళ్ళ కెమెరాకు అలాంటివి పెట్టరని షాపువాడు చెప్పాడట.

అక్కకు కావలసింది ఒకే ఒక్క ఫొటో, గడప దాటేది. మా ఆచారంలో పెళ్ళికూతురు, తండ్రి కప్పుకున్న బుర్నూసు అనే పొడవాటి పైవస్త్రం చాటున, ఆయన చేయి కిందనుంచి గడప దాటాలి. బావ లేడు గనక ఆయన ఉన్ని బుర్నూసు నేను కప్పుకోవాలి. ఫొటోలకు ఇంకెవరినైనా పిలిచి, నువ్వు తల్లిలా నిలబడు అన్నాను. ఆ ఫొటో తనే తీస్తానంది.

ముందురోజు గోరింట విందు ముగిశాక అక్క అలవాటుగా కార్డు తీసి పెళ్ళికూతురి చేతిలో పెట్టింది. ఆ పెళ్ళికూతురు సొంత కూతురన్న సంగతి వేళ్ళకు తెలియలేదు. నిహాద్ దాన్ని తన పెట్టెలో వేసుకుంది.

మర్నాడు వాకిట్లో కార్ల హారన్లు మొదలయ్యాయి. నేను సైన్యాధిపతిలా గడపలో నిలబడ్డాను. నిహాద్ నా చేయి కిందనుంచి వెళ్ళింది. కెమెరా టకటకమంది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళ మధ్య ఎవరూ ఫోన్లు పైకి తీయరు, కాబట్టి తీసింది అక్క ఒక్కతే. పాత కెమెరా అయితే కార్డు లేదని మొరాయించేది. కొత్తది నొక్కినన్నిసార్లూ నొక్కనిచ్చింది, తీసిన బొమ్మను ఓ క్షణం చూపించింది కూడా. అక్క దాన్ని దించేసరికి కారు మలుపు తిరిగింది.

సాయంత్రం వంటింట్లో మూత తెరిస్తే కార్డు గూడు ఖాళీ. అరుస్తుందనుకున్నాను. మూత మూసి, కాఫీ పోసింది. ఇంతలో నిహాద్ ఫోన్ చేసి గడప ఫొటో పంపమంది. చూస్తానమ్మా అని అక్క పెట్టేసింది.

"లఖ్దర్, నేను వెలుతురు సరిపోతుందా లేదా అనే చూశాన్రా. గడప దాటేటప్పుడు దాని మొహం ఎలా ఉందో చెప్పు. నీ కోతలు కలపకు."

కలపడానికి కూడా ఏమీ దొరకలేదు నాకు.

"నేను కెమెరా వైపే చూస్తున్నానక్కా."

"ఏడ్చిందా?"

"తెలీదు."

అక్క తల ఊపింది. చక్కెర గిన్నె నా వైపు జరిపి, తన కాఫీ తాగింది.