ప్లీడరుగారి కరెంటు మోటారు

మా బరంపురాన్ని మద్రాసు నుంచి విడదీసి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిపిన రోజులవి. కొత్త రాజధాని కటకం నుంచి వచ్చే దొరల కంట్లో ఎలా పడాలా అని బరంపురం ప్లీడర్లందరికీ ఒకటే యావ. నేను గుమాస్తాగా ఉన్న ప్లీడరుగారికి దారి దొరికింది. ఖల్లికోట దగ్గర చిలికా సరస్సులో ఆయనకో చిన్న నావ ఉండేది. శీతాకాలం బాతుల వేటకొచ్చే ఒక పెద్ద దొరని అందులో తిప్పుతానని మాటిచ్చేశారు. అంతటివాణ్ణి వెదురు గెడతో తోయించి తీసుకెళ్తే నామోషీ కదా! మోటారు కావాలన్నారు.

ఆ నావకి ఏళ్ల తరబడి గెడ వేస్తున్నవాడు ఒక్కడే. సముద్రపు జాలరి, మోకాలు దెబ్బతిని, అలల మీదకి వెళ్లలేక చిలికాకి వచ్చాడు. మోటారు మాట చెవిన పడ్డప్పటి నుంచి వాడి ప్రాణం కుదుటపడలేదు.

"మోటారొచ్చీసినాక నానేటి సెయ్యాల బాబూ?" అని కనబడ్డప్పుడల్లా అడిగేవాడు.

"కాలు మీద కాలేసుకుని కూర్చుందువులేరా" అనేవారు ప్లీడరుగారు. వాడికి ఇంకా బెంగ. ఊరికే కూర్చున్నవాడికి జీతం ఎవరిస్తారు?

కలకత్తా నుంచి కేటలాగు తెప్పించాం. పెట్రోలు మోటారు చప్పుడుకి బాతులు ఎగిరిపోతాయి గనక కరెంటుదే కావాలన్నారు. అంతవరకూ బాగానే ఉంది. కరెంటువాటిలో రెండు రకాలు. చిన్నది అరగుర్రం బలం, బ్యాటరీ పూటంతా వస్తుంది. పెద్దదానికి బలమెక్కువ, బ్యాటరీ గంటకి మించి రాదు. ఈ సంగతి స్పష్టంగా అచ్చేసి ఉంది. నేను చదివి వినిపించాను కూడా.

"అరగుర్రమేటయ్యా! స్టేషను దగ్గర జట్కాకే పూర్తి గుర్రం ఉంది. దొర నన్నేటనుకుంటాడు?" అన్నారు.

నీళ్లలో కాలు పెట్టి ఎరగని మనిషి! నావ నడిపేవాడు జీతం కోసమొచ్చి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, వాణ్ణి ఒక్క మాట అడిగితే సొమ్మేం పోయింది? ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. పెద్దదే వచ్చింది. బరంపురంలో ఒక మిల్లులో బ్యాటరీలకి కరెంటు పట్టించి, రైల్లో ఖల్లికోట చేర్చేసరికి నా నడుం విరిగింది.

వేట రోజున దొర తుపాకీ పట్టుకుని ముందు కూర్చున్నాడు. మధ్యలో ప్లీడరుగారు, వెనక మోటారు దగ్గర నేనూ, గెడ పట్టుకుని జాలరీ. నావ జోరుగానే పోయింది. గంట తిరక్కుండా సరస్సు మధ్యలో మోటారు ఆగిపోయింది. ప్లీడరుగారు వెనక్కి తిరిగి నావైపు ఒక చూపు చూశారు.

"గెడ వెయ్యి. చప్పుడు కాకూడదు" అన్నాను వాడి చెవిలో.

ఎంత పనివాడండీ! చుక్క నీరు చిందలేదు. పక్కనున్న నాకే గెడ దిగడం వినబడలేదు. ఆ మోకాలితో మధ్యాహ్నం దాకా నిలబడి ముగ్గురు మనుషుల్నీ, ఆ ఇనుప బరువునీ తోశాడు. దొర ఒకసారి తిరిగి చూస్తే, "లోతు చూస్తున్నాడండీ" అని సర్దేశారు ప్లీడరుగారు.

ఒడ్డుకి దిగాక దొర ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇంత సద్దు లేని మోటారు ఇంగ్లండు సీమలో కూడా చూడలేదన్నాడు. "లోతు చూడ్డానికి ఒక మనిషెందుకు? వాణ్ణి తీసేయండి. వచ్చేసారి ఆ చోట్లో నా స్నేహితుడు కూర్చుంటాడు" అన్నాడు.

"చిత్తం" అన్నారు ప్లీడరుగారు. మోటారు ఆగిపోయిందని అప్పుడు చెబితే పరువేం కావాలి? వాణ్ణి పనిలోంచి తీసేసినట్టు ఆ సాయంత్రమే కాగితం రాయించారు. రాసింది నేనే. సిగ్గు లేదూ నాకు!

కాగితం చదివి వినిపిస్తే వాడు నా దగ్గరకొచ్చి, భయం భయంగా అడిగాడు.

"గెడ సప్పుడయిపోనాదేటి బాబూ?"