కుడిచేతి సూత్రం మీద ఒక ఎడమచేతివాడి ఫిర్యాదు

నాకు జరిగిన అన్యాయాలు, నా నోటుపుస్తకంలో ఉన్న వరుసలోనే:

దసరా వెళ్లిన మూడవ నాడు, నా ఐదవ ఏట: ఎడమచేత్తో జొన్నగటక ముద్ద ఎత్తినందుకు నన్ను కన్న మా అవ్వ ఇనుప గంటె కాల్చి ఆ అరచేతిలో వాత పెట్టినది. పెట్టి, నాకంటే ఎక్కువ తానే ఏడ్చినది.

నిజాం సర్కారు లెక్కన బహమన్ నెల, రెండవ బుధవారం, బడిలో చేరిన ఏడు: ఎడమచేత్తో పలక మీద రాసినందుకు బడి పంతులు ఆ చేతిని తాడుతో నా నడుముకు కట్టివేసినాడు. ఆ తాడు సాయంత్రం దాకా విప్పలేదు.

ఉర్దిబెహిష్తు నెల, చివరి గురువారం, పంతొమ్మిదవ ఏట: మహబూబ్‌నగర్ పరీక్ష గది. ఇది ఒకరు నాకు చేసినది కాదు, నా రెండు చేతులూ ఏకమై చేసినది. ఆ సర్వనాశనాన్నే ఇప్పుడు మనవి చేస్తున్నాను.

అక్కడి బడిలో సైన్సు సామాను చూసుకొనే నౌకరీ ఒకటి ఖాళీ పడినది. మా కోస్గి దిక్కు వాళ్లకు వానలు లేని ఏడు మట్టిపనే దిక్కు. ముందటేడు మా అన్న దూరదేశంలో కాలువ తవ్వుతుండగా గట్టు కూలి ఆ మట్టి కిందనే ఉండిపోయినాడు. ఆయన మోసిన తట్ట మాత్రం ఇంటికి తిరిగివచ్చినది.

"నౌకరీ వస్తె సరె బిడ్డా," అన్నాడు మా బాపు. "రాకుంటె శనివారం కూలోళ్లను తోల్కపోను మేస్త్రీ వస్తడు. మీ అన్న తట్టకు ఇంకొక తల కావాల్నంటుండు."

అవ్వ గుమ్మంలో నిలబడి హెచ్చరించినది: "కుడికాలు ముందల వెట్టు. కుడిచెయ్యి ముందల వెట్టు. గా పాడు చెయ్యి కండువల దాచుకో!"

ఆమెకు తెలియకనే నా పరీక్ష పాఠమంతా చెప్పివేసినది. ఎందుకంటే నేను వల్లించినది కుడిచేతి సూత్రం. నాలుగు వేళ్లను విద్యుదావేశం పోయే దిక్కుకు చాచవలెను, అయస్కాంత క్షేత్రం దిక్కుకు మడవవలెను. అప్పుడు బొటనవేలు ఎటు చూపితే ధనావేశాన్ని ఆ క్షేత్రం అటు నెట్టును. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఖర్మమేమంటే, మెలకువగా ఉన్నప్పుడు అడిగినారు.

పరీక్షాధికారి హైదరాబాదు పెద్దమనిషి. కళ్లద్దాల మీదుగా చూసి అన్నాడు: "ఏం మియా, ధనావేశం నీ దిక్కు నుంచి నా దిక్కు వస్తాంది. ఉత్తర ధ్రువం కింద, దక్షిణ ధ్రువం మీద. ఎటు నెడ్తది?"

పాఠకులారా, భయం పుట్టినప్పుడు మనిషి నేర్చిన చెయ్యి ఎత్తడు, పుట్టిన చెయ్యి ఎత్తును. కండువాలోంచి నా ఎడమచెయ్యి, పుట్టలోంచి పాములాగా, దానంతట అదే బయటికి వచ్చినది. క్షేత్రం కిందినుంచి మీదికి గనుక అరచెయ్యి పైకి, వేళ్లు ఆయన దిక్కు, బొటనవేలు ఎడమకు. కుడిచెయ్యి అయితే కుడిన ఉన్న కిటికీని చూపేది.

"తలుపు దిక్కు, సాబ్."

"నీకు కుడిచెయ్యి లేదా మియా?"

"ఉన్నది సాబ్."

"గా మచ్చ ఏంది?"

"వాత సాబ్. ఎడమచెయ్యి వాడొద్దని పెట్టిన్రు."

"వాత పెట్టినంక గూడ గిట్లనేనా!"

పక్కనున్న ఇద్దరు పంతుళ్లు మేజాబల్ల అదిరేటట్టు నవ్వినారు. ఆయన నవ్వలేదు. దయామయుడు. "జర నిమ్మళంగ ఆలోచించు. ఇంకొక మోకా ఇస్తున్న. గదే జాగ, గదే దారి. గిప్పుడు వచ్చేది ఋణావేశం. ఎటు?"

ఋణావేశానికి అంతా తలకిందులని నాకు తెలియకపోలేదు. కుడిచేతి బొటనవేలు చూపేదానికి ఎదురు దిక్కు, అనగా ఎడమచెయ్యి చూపే దిక్కే సరి. లోకమంతటిలో ఎడమచేతికి మర్యాద దక్కే ప్రశ్న అదొక్కటే. దానినే దేవుడు ఏరి నా విస్తట్లో వడ్డించినాడు. కానీ వాత తిన్న పిల్లి చల్లని పాలకూ జడుసునట. ఎడమచేతిని తొడ కింద అదిమిపెట్టి, కుడిచెయ్యి చాచి, వాకిట్లో బంట్రోతు ఉలిక్కిపడేటట్టు అరిచినాను:

"కిటికీ దిక్కు, సాబ్!"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గా ఎడమచెయ్యే ఉంచితె నౌకరీ నీదే ఉండె మియా. చెప్పు, ఎటు పోవాలె?"

"తలుపు దిక్కు, సాబ్."

"సహీ. పో."

ఆనాడు నేను ఇచ్చిన ఒకే ఒక్క సరైన జవాబు అది. దానిని నడిచి చూపించినాను.

ఇంటికాడ బాపు అడిగినాడు: "ఏ చెయ్యి వెట్టినవ్ బిడ్డా?"

"రెండూ వెట్టిన బాపూ."

ఆయన అన్న తట్టను తెచ్చి తలుపు పక్కన పెట్టినాడు. శనివారం దానిని నెత్తికి ఎత్తుకున్నాను. పన్నెండేళ్లు మోసినాను. అక్కడ మాత్రం, ఏ చేత్తో పట్టినావని ఒక్కడూ అడగలేదు.

కావున పసిచేతులకు వాతలు పెట్టువారిని, ఆ వాతల మీద ప్రశ్నలు వేయువారిని నేను కోరునది ఏమనగా: కాల్చిన చేతితోనే పని పడు రోజు ఒకటి వచ్చునని ఆ పిల్లవాడికి ముందుగా ఎవరు తెలుపవలసి ఉండెను? పదిహేను దినములలో రాతపూర్వకంగా జవాబు ఈయవలెను. అది అందేవరకు ఏ ప్రశ్నకూ ఏ చెయ్యీ ఎత్తనని ఇందుమూలంగా ప్రమాణం చేయదలచినాను. ప్రమాణానికి సైతం ఒక చెయ్యి ఎత్తవలసి ఉన్నది గనుక, అది ఏ చెయ్యో కూడా ఆ జవాబులోనే తెలుపవలెను.