కుక్కల పార్కుకి ముగ్గు పోసిన వైనం

ఆ రోజుల్లో, అంటే నేను చదువు ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో, లోకంలో బేరమాడకూడనిదంటూ ఒకటుంటుందని నాకు తెలీదు. విజయవాడ వన్ టౌన్‌లో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు, పెదనాన్నది బట్టల కొట్టు, మేనమామది కిరాణా. అక్షరాలకంటే ముందు నాకొచ్చిన విద్య, ఎదుటిమనిషి మొహం చూసి ఎందాకా దిగుతాడో చెప్పడం. (పెళ్ళిచూపుల్లో కూడా తనని అలాగే చూశానని మావారు ఇప్పటికీ అంటారు. దిగారు మరి.) అలాంటిదాన్ని పార్కులూ తోటలూ డిజైన్ చేసే ఆఫీసులో చేరితే, మా సారు నాకు ఒంటరిగా అప్పగించిన మొదటి పని కుక్కల పార్కు.

ఏలూరు కాలువ పక్కన ఒక పేట పార్కు. అందులో ఒక మూల ఇనప కంచె వేసి, గొలుసులు విప్పి కుక్కల్ని పరిగెత్తించుకోమని వదిలారు. వానొస్తే అంతా నల్లమట్టి బురద. కుక్కలుగా లోపలికెళ్ళినవి గేదెల్లా బయటికొచ్చేవి. ఉన్న ఒక్క గేటుకీ గడియ సరిగా పడేది కాదు. పడని రోజున అవి వాకింగ్ ట్రాక్ మీదికి దూకేవి, వాకర్లు గగ్గోలు పెట్టేవారు. చివరికి కార్పొరేషన్ వాళ్ళు తేల్చేశారు: పేటవాళ్ళంతా ఒక్క ప్లానుకి ఒప్పుకుంటే బాగుచేయిస్తాం, లేదంటే కంచె పీకేసి కార్ల పార్కింగ్ చేస్తాం. ఆ ఒప్పించే పని నాది.

పోతే పోయింది అనుకోడానికి లేకుండా నాకు టీచరమ్మగారు తగిలారు. మిషన్ స్కూల్లో రిటైరైన ఆవిడ, అపార్ట్‌మెంట్లో ఒంటరిగా ఉంటారు. ఆవిడ కుక్క పేరు సంసోను, బైబిల్లో మహాబలుడి పేరు. పేరుకి తగ్గ శరీరం, నల్లగా, దూడంత. "ఈ మూల తీసేస్తే వీణ్ణి మైలవరంలో మా తమ్ముడి మామిడితోటకి పంపెయ్యాలమ్మా. పరుగు లేకపోతే ఇంట్లో తలుపులు కొరుకుతాడు. ఉన్నది మేమిద్దరమే," అన్నారు. సంసోను నా చెప్పు కొరుకుతూ అవునన్నాడు.

మీటింగు ఆదివారం పొద్దున, పార్కులోనే. నేను కొట్టు తెలివి వాడాను. మాకు కావలసినదానికి రెట్టింపు జాగా కుక్కలకి గీసి పట్టుకెళ్ళాను. ఎలాగూ సగానికి బేరమాడతారు, సగమే మాకు కావాల్సింది! అవతల వాకర్ల తరఫున మిల్లుబాబాయి గారు. పామర్రులో రైసు మిల్లు కొడుక్కి అప్పగించి వచ్చిన పెద్దాయన.

"ఏంటమ్మాయ్, పార్కంతా కుక్కలకిచ్చి మమ్మల్ని కాలవలో నడవమంటావా?"

"పోనీ మీరే చెప్పండి బాబాయిగారూ, ఎంత ఇమ్మంటారో."

"అసలే వద్దు."

(ఇది బేరమే. "అబ్బే వద్దు" అంటూ గిన్నె కింద పెట్టనివాళ్ళని ఎంతమందిని చూడలేదూ!) కొంచెం దిగాను. ఆయన కదల్లేదు. సగానికి దిగాను. "వద్దు" అన్నారు.

"మిల్లుగారూ, మా సంసోను మిమ్మల్నేం చేశాడండీ?" అన్నారు టీచరమ్మగారు.

"ఏం చెయ్యలేదండీ. చేసేలోపు నేను బెంచీ ఎక్కేశాను."

అందరూ నవ్వారు. ఇక నా అమ్ములపొదిలో ఒక్కటే మిగిలింది. ప్లాను చుట్ట చుట్టి, "అయితే కుదరదండీ, వస్తాను," అని లేచి నడిచాను. కొట్టు మెట్టు దిగితే వెనకనించి "ఇదిగో, రండి రండి" అని పిలవాలి. పిలవలేదు. నడక నెమ్మది చేశాను. చెప్పు పట్టీ సర్దుకున్నాను. గన్నేరు పువ్వుల్ని పరిశీలించాను. గేటు దాటేశాను. కాలువ గట్టు మీద నిలబడి నాన్నకి ఫోన్ చేశాను.

"లేచి వచ్చేశాను నాన్నా. ఎవరూ పిలవట్లేదు."

"నువ్వు కొనేదానివా, అమ్మేదానివా?"

ఆలోచించాను. "అమ్మేదాన్ని."

"అమ్మేవాడు కొట్టొదిలేసి వీధిన పడితే ఎవరు పిలుస్తారే! ఎవడైనా గల్లాపెట్టె ఎత్తుకుపోతాడు గానీ. గిన్నె అద్దంలోంచి చూపిస్తే కొంటారా? చేతికిచ్చి మోగించుకోనివ్వాలి. వెళ్ళు, వెళ్ళు."

వెనక్కెళ్ళి, "గొడుగు మర్చిపోయానండీ," అన్నాను.

"తెచ్చావా?" అన్నారు మిల్లుబాబాయి గారు.

"లేదండీ."

ఆ నవ్వుల్లోనే ఇంకో ఆదివారం అడిగి తీసుకున్నాను.

ఈసారి కాయితం తీసుకెళ్ళలేదు. బస్తా ముగ్గు తీసుకెళ్ళాను. మన దగ్గర ఇల్లు కట్టేటప్పుడు పునాది తవ్వే ముందు మేస్త్రీ నేలమీద ముగ్గు పోస్తాడు చూడండి, అలా కంచె, గేటు, నీళ్ళతొట్టి, అరుగు, అన్నీ అసలు కొలతల్లో నేలమీద పోసేశాను. కాయితం మీద గీతని మనవాళ్ళు నమ్మరు; ముగ్గు పోశాక మాత్రం అది వంటిల్లు, ఇది హాలు అని లోపల తిరగడం మొదలెడతారు. "నచ్చని గీత కాలితో చెరిపెయ్యండి. కావలసినచోట పోసుకోండి," అని ముగ్గు నింపిన కొబ్బరిడిప్ప అందరి మధ్యా పెట్టాను.

ఇక చూడండి! చిన్నకుక్కలవాళ్ళు తమకో గది విడిగా పోసుకున్నారు. ఎవరో అరుగుని నీడలోకి జరిపారు. సంసోను అరుగు మీద పొర్లి తెల్లకుక్కయ్యాడు. మిల్లుబాబాయి గారు వచ్చీరావడంతోనే గేటు గీత బరబరా చెరిపేశారు. చెరిపి, అక్కడే నిలబడిపోయారు.

"మోకాలు ఆపరేషనయిందమ్మాయ్," అన్నారు నాకొక్కదానికే వినబడేలా. "ఇంకోసారి పడితే ఇక నడక లేదు. నడక లేకపోతే కుర్చీలో కూచోబెట్టి టీవీ పెట్టేస్తారు. నాకు కుక్కలంటే కోపం కాదు."

ఆయన 'వద్దు' బేరం కాదని అప్పటికి తెలిసింది నాకు. ముగ్గుడిప్ప ఆయన చేతికందించాను. ఆయన దాన్ని పట్టుకుని, తను చెరిపిన గీతకేసి చూశారు.

"మా వియ్యంకుడి కోల్డ్ స్టోరేజీకి రెండు తలుపులుంటాయి. మొదటిది మూశాకే రెండోది తెరవాలి, చలి బయటికి పోకుండా. ఇక్కడా అలా పెడితే?" అంటూనే వంగలేక వంగి, రెండు గేట్లు, మధ్యలో చిన్న గదీ పోసేశారు. అవి ట్రాక్‌కి మరీ దగ్గరయ్యాయనిపించి, గేట్లని పక్కకి తిప్పి, అందుకోసం వాకర్ల బెంచీల జాగాలోకి కంచెని తనే జరిపేశారు. నేను లోలోపల ఆశపడ్డ సగానికంటే ఎక్కువే ఇచ్చేశారు! నోరు మూసుకున్నాను. (సరుకు వాళ్ళంతట వాళ్ళే మూట కట్టుకుంటుంటే కొట్టువాడు మాట్లాడకూడదు.) అటుగా వచ్చిన ఒకాయన కాలు తగిలి గీత చెదిరితే, "ఎవరండీ నా గేటు తొక్కింది?" అన్న గర్జన కాలువ అవతలిదాకా వినిపించింది.

ఆ ముగ్గునే కొలిచి ప్లాను గీసిచ్చాను. అందరూ ఒప్పుకున్నారు. ఇసకా కంకరా పోసి నేల ఎత్తుచేశారు, గేట్లు పెట్టారు. మొదటిరోజు టీచరమ్మగారు రెండో గేటు మూసి గొలుసు విప్పగానే సంసోను బాణంలా దూసుకెళ్ళాడు. ట్రాక్ మీద మిల్లుబాబాయి గారు ఒకసారి ఆగారు. బెంచీకేసి చూడలేదు. నడిచి వెళ్ళిపోయారు.

తర్వాత చాలా పార్కులు చేశాను. అయినా ఊరు చూడ్డానికి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను, కొండ మీద అమ్మవారి దర్శనం తర్వాతే. మొన్న ఎండాకాలం హనుమాన్ జంక్షన్ నించి మా ఆడపడుచు వస్తే తీసుకెళ్ళాను. ఎండకి మొహమంతా స్కార్ఫ్ చుట్టుకున్నాను. మిల్లుబాబాయి గారు, ఇంకాస్త ముసలయ్యారు, గేట్ల దగ్గర ఎవరికో రెండు తలుపుల విధానం వివరిస్తున్నారు. ఆగలేక అడిగాను.

"ఎవరండీ ఇది డిజైన్ చేసింది?"

"మేమేనమ్మా, పేటవాళ్ళం. ఒకమ్మాయి వచ్చేది కాయితాలు మోసుకుని. మంచిపిల్లే," అని, జాలిగా తలాడించారు. "పాపం, బేరం చెయ్యడం బొత్తిగా రాదు."

ఆడపడుచు నా మోచెయ్యి పొడిచింది. వన్ టౌన్ కొట్లలో మూడు తరాల మా పరువు! స్కార్ఫ్ దించి చెప్పొచ్చు. చెప్పలేదు. స్కార్ఫ్ లోపలే నవ్వుకుంటూ, "అవునండీ, కొత్త కదా, పాపం," అని ఆ పిల్ల తరఫున ఒక ముక్క మాత్రం వేసి, మొదటి గేటు మూసి, రెండోది తీశాను.