నల్లగా దిద్దిన కన్ను

బొబ్బిలిలో మా వీధి ఫొటో స్టూడియో నాకు వరసకు బావయ్యే అతనిది. మొటిమలు తుడిచేస్తాడు, బట్టతల మీద జుట్టు మొలిపిస్తాడు. మా పాప మొదటి పుట్టినరోజు ఆల్బమ్ అతనే చేశాడు.

మరో ఆరునెలలకు పాప ఎడమ కన్ను పక్కకు పోతోందని మా ఆవిడ కనిపెట్టింది. మా అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. ఆ రోజు ఇంటిల్లిపాదీ దగ్గలేక చచ్చాం.

"దిష్టి కాదురా. డాక్టరుకి సూపించు," అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

విశాఖపట్నంలో డాక్టరమ్మ కంటి వెనక పొరలో గడ్డ ఉందని, అది కేన్సరని చెప్పింది.

"మా నాయనమ్మ నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ చుట్ట కాల్చి కూడా తొంభై ఏళ్ళు బతికిందండి. పాలు తాగే పిల్లకి కేన్సరేమిటి?" అని పోట్లాటకు దిగాను.

ఆవిడ ఓపిగ్గా వింది. ఇది పసిపిల్లలకే వస్తుందనీ, ఎవరి తప్పూ కాదనీ, కుడి కన్ను బాగుందనీ, ఎడమది తీసేస్తే పాప దక్కుతుందనీ చెప్పింది. ఫొటోల్లో ఆ కన్ను ఎప్పుడైనా తెల్లగా మెరిసిందా, ఈ జబ్బుకి అదే తొలి గుర్తు అని అడిగింది. అంత బరువు ఆల్బమూ మోసుకెళ్ళి చూపించాను. ప్రతి ఫొటోలో రెండు కళ్ళూ నేరేడు పళ్ళలా ఉన్నాయి.

అనుమానం వచ్చి తిన్నగా స్టూడియోకి పోయాను.

"తెల్లగా ఏటో మెరిసింది బావా. ఫ్లాష్ దోసమనుకుని అన్నీ నల్లగా దిద్దీసినాను. ఒక్కటీ వొదల్నేదు," అన్నాడు గొప్పగా.

సంగతి చెప్పాను. కుర్చీలో కూలబడ్డాడు. కొట్టాలనే వెళ్ళాను గానీ చెయ్యి లేవలేదు. అతను చూసింది ఒక్కరోజు. రోజూ ఆ ముఖాన్నే ముద్దాడిన నేనేం చూశాను? సిగ్గేసింది.

కన్ను తీశారు. పాప దక్కింది. ఇప్పుడు ఒకటో తరగతి. పెట్టుడు కన్ను తీసి చూపిస్తానని తోటిపిల్లల దగ్గర ఉసిరికాయలు వసూలు చేస్తోందని టీచరు కబురు పెట్టింది.

స్టూడియో బావ ఇప్పుడు ఏ పసిపిల్ల ఫొటో తీసినా, దిద్దకముందే అందులో కళ్ళని పెద్దవి చేసి తల్లికి చూపిస్తాడు.

మొన్న మేం ముగ్గురం అక్కడే ఫొటో దిగాం. కంప్యూటర్ మీద పాప ఎడమ కన్ను కాస్త పక్కచూపు చూస్తోంది. బావ చెయ్యి మౌస్ మీదికి వెళ్ళి ఆగిపోయింది.

"ఏటి సెయ్యమంటావే?" అని పాపనే అడిగాడు.

"నా కన్ను ముట్టుకోకు మావా. నాన్నకి జుత్తెట్టు."