మావయ్యగారి ఒంట్లో మర్యాద తప్పిన కణాలు

ఆ రోజుల్లో మా కోనసీమలో షుగరంటే కలిగినింటి రోగమని ఓ గౌరవం ఉండేది. జ్వరం ఎవడికైనా వస్తుంది, షుగరు మాత్రం బాగా తిన్నవాడికే వస్తుందని మావాళ్ళ సిద్ధాంతం. అసలదేమిటో విడమరిచి చెప్పే నాథుడు లేడు. డాక్టరు చీటీ రాస్తాడు, మనం చేతులు కట్టుకుని నిలబడతాం, ఈలోగా గుమ్మంలో ఇంకొకడు దగ్గుతాడు. అదీ వైద్యం. నేను పదో తరగతి తప్పి, మామిడికుదురు దగ్గర కొబ్బరిపీచు మిల్లులో పనికి కుదిరి, సాయంత్రాలు గ్రంథాలయంలో దొరికిన సైన్సు పుస్తకమల్లా నమిలేసేవాణ్ణి. (అవి బీరువా అడుగు అరలో చెదలకి దగ్గరగా ఉండేవి. పై అరలన్నీ డిటెక్టివ్ నవలలు. ఈ దేశం ఎందుకిలా ఉందో ఆ బీరువా చూస్తే తెలిసిపోయేది.) చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం అరిగేది కాదు.

మా మేనమామని ఊరంతా మర్యాద మావయ్య అనేవారు. మా వైపు శుభకార్యానికి ఇంటికొచ్చి, బొట్టుపెట్టి, నోరారా పిలిస్తేనే పిలుపు. ఎవరిచేతో చెప్పి పంపితే అది పిలుపు కిందికి రాదు. మావయ్య దీనికి సొంతంగా ఒక చట్టం కూడా చేర్చేరు: సక్రమంగా పిలిచాక రానివాణ్ణి రెండోసారి పిలవకూడదు. ఆ చట్టం వల్ల ఆయనింట్లో పేరంటానికి వచ్చేవాళ్ళు ఏటేటా తగ్గిపోయేవారు. అయినా ఆయన లొంగలేదు.

ఓ ఎండాకాలం తోటలో ఎండుమట్ట గీరుకుని ఆయన కాలి బొటనవేలికి పుండు పడింది. ఎన్నాళ్ళైనా మానదు. అమలాపురం తీసుకెళ్ళాను. డాక్టరుగారు షుగరు చూసి, మాత్రలు చాలవు, ఇన్సులిన్ పొడుచుకోవాలన్నారు. మావయ్య ఏదో అడగబోయేరు. గుమ్మంలో ఒకడు దగ్గేడు. అంతే, బయటికొచ్చేశాం.

బస్టాండు పక్క టీకొట్లో కూర్చోబెట్టి నా పాఠం మొదలుపెట్టాను. ఒంట్లో కణాలు కోట్లు. ఒకదాని మాట ఒకదానికి తెలియాలంటే రక్తంలో కబుర్లు పంపుకోవాలి. ఇన్సులిన్ అలాంటి కబురే. క్లోమం పంపుతుంది. అది గుమ్మానికి చేరితే కణం తలుపు తీసి చక్కెరని లోపలికి రానిస్తుంది.

"అంటే పిలుపన్నమాట," అన్నారు మావయ్య.

"ఆయ్, పిలుపే మావయ్యా." (ఇంత చక్కటి శిష్యుడు దొరికాడని నా ఛాతీ ఉబ్బింది.)

"మరి నా ఒంట్లో ఆ పిలుపు లేదంటావా?"

"ఉందండీ. కణాలే సరిగ్గా వినిపించుకోవడం లేదు."

మావయ్య టీ గ్లాసు కింద పెట్టేరు. "మర్యాదగా పిలిచేం. రాలేదు. ఇప్పుడు సూది పుచ్చుకుని మళ్ళీ వెళ్ళి బతిమాలాలా?"

"బతిమాలడం కాదు మావయ్యా, కాస్త గట్టిగా పిలవడం. మైకు పెట్టినట్టు."

"మైకులో పిలిస్తే వచ్చేది పెళ్ళికి కాదురా, రికార్డింగ్ డాన్సుకి. మనింటా వంటా లేదు ఆ పద్ధతి."

మందు కొనిపించాను గానీ, ఇంటికెళ్ళాక అది అలాగే ఉండిపోయింది. ఫ్రిజ్ లేదు. అత్తయ్య ఆ సీసాని తడిఇసక పోసిన కుండలో పెట్టి, పొద్దున్నే కాసిని నీళ్ళు చిలకరించేది. ఆయన ఆ మూలకేసి చూసేవారు కాదు.

"ఏవండీ, వేలు నల్లబడుతోంది," అనేది అత్తయ్య.

"రానివాళ్ళని దేవిరించనే."

"పిలిస్తే పలక్కపోవడం మీ కణాలకి ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు లెండి. అచ్చం మీ పోలిక!"

అందరం నవ్వేం. మావయ్యా నవ్వేరు. వర్షాలు పడేసరికి కాకినాడ తీసుకెళ్ళాల్సి వచ్చింది. వేలు పోతుందనుకుని వెళ్ళాం, మోకాలి కిందినుంచి పోయింది. ఆ తర్వాత ఆయన రోజూ నోరెత్తకుండా ఇన్సులిన్ పొడుచుకునేవారు. ఆ నోరెత్తకపోవడం చూడలేక నేను ఆ ఇంటికి వెళ్ళడం తగ్గించేను.

ఏళ్ళు గడిచేయి. వీధివీధికీ ఎస్టీడీ బూత్‌లు వచ్చి, సెల్‌ఫోన్ల దెబ్బకి అవి మూతపడుతున్న కాలం. పుస్తకాలు పట్టుకునే నా జబ్బు మాత్రం పోలేదు. ఒక రోజు ఒక పత్రికలో చదివి కూర్చున్నచోటే లేచి నిలబడిపోయాను. పొట్టచుట్టూ పేరుకున్న కొవ్వు ఊరికే కూర్చోదట! అదీ రక్తంలోకి కబుర్లు పంపుతుందట. వాటిలో కొన్ని కణాల దగ్గర చేరి, ఇన్సులిన్ మాట వాటి చెవికెక్కకుండా చేస్తాయట. అంటే కణాలకి పొగరు కాదు, మధ్యన చాడీలు! నా పాఠంలో తప్పు లేదు, రెండో సగం లేదు. ఆ సగాన్ని తెలుగులో రాయడానికి ఇంతమంది పండితులకి ఇన్నేళ్ళు పట్టింది! పొగరుతో రానివాణ్ణి మావయ్య క్షమించరు గానీ, చాడీలకి మోసపోయినవాడి ఇంటికి ఎన్నిసార్లైనా వెళ్తారని నాకు తెలుసు.

సైకిలెక్కి ఒక్క తొక్కుడున ఆయనింటికి వెళ్ళాను. అరుగు మీద కుర్చీలో ఉన్నారు, పక్కన కర్ర. రొప్పుతూనే అంతా చెప్పాను. ఆయన తన పొట్టకేసి చూసుకున్నారు.

"ఇంట్లో పెట్టుకుని నేతితో మేపేనురా దీన్ని," అన్నారు. తర్వాత మెల్లగా, "అయితే పాపం, వాటి తప్పేం లేదన్నమాట."

"లేదు మావయ్యా."

"మంచి కబురే తెచ్చేవురా అబ్బాయి. కాలున్నప్పుడు తెచ్చుంటే, వీధి చివరిదాకా నడిచి నీకు ఎదురొచ్చేవాణ్ణి."

అని నవ్వేరు. అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడాయన లేరు. నేనింకా చదువుతూనే ఉన్నాను. కొత్త సంగతేదైనా దొరికితే చాలు, చెప్పులేసుకుని చరచరా బయల్దేరతాను. నాలుగడుగులు వేశాకగానీ వెళ్తున్నది ఆయనింటికని, అక్కడ ఆయన లేరని తోచదు. అప్పుడు, ఆనాడు రొప్పుతూ సైకిలు తొక్కిన నన్ను నేనే తలుచుకుని కాస్త నవ్వుకుని, వెనక్కొచ్చి చెప్పులు విప్పేస్తాను.