పరగడుపున ఇచ్చిన రక్తం

బుల్లమ్మ ఇంట్లో మగవాళ్ళ మోచేతులకు కాయలు కాస్తాయి. వల తాడు లాగి లాగి కాసినవేనని ఆమె నమ్మకం. పెనిమిటి ఎల్లాజీకి ఉండేవి. నలభై ఒకటో ఏట ఒకనాడు తెప్పను ఒడ్డుకు లాగి, దాని పక్కనే కూలబడ్డాడు, మరి లేవలేదు. పెద్దకొడుకు ధనరాజుకీ ఉండేవి. వాడు ఇరవై ఎనిమిదికే గుండె పట్టుకుని పోయాడు. ఇప్పుడు మిగిలింది ఇరవై నాలుగేళ్ళ నాగబాబు ఒక్కడు.

రెండువేల పదహారు ఆగస్టులో నాగబాబు కాలికి గవ్వ కోసుకుంటే, కట్టు కట్టడానికి బుల్లమ్మ ఇంటికి నర్సమ్మ లీలారాణి వచ్చింది. బాప్టిస్టు చర్చి వీధి మనిషి. ఎవరికి జ్వరమని తెలిసినా పిలవకుండానే వచ్చి గుమ్మంలో నిలబడే స్వభావం. ఆమె కట్టు కడుతూ కడుతూ నాగబాబు మడమ వెనక నరాన్ని రెండు వేళ్ళతో పట్టి చూసింది. తాడులా దళసరిగా, గడ్డలు గడ్డలుగా ఉంది.

"ఇదేటప్పా?"

"తాడు లాగిన కాయలే సిస్టరమ్మా. మా ఇంట్లో అందరికీ ఉన్నాయి," అంది బుల్లమ్మ.

"తాడు సేత్తో లాగుతారు గానీ మడంతో లాగరు కదప్పా!"

నాగబాబు వింటుండగానే లీలారాణి నెమ్మదిగా చెప్పింది. "ఇది కాయ కాదు, కొవ్వు. కొన్ని ఇళ్ళల్లో పుట్టుకతోనే రగతంలో కొవ్వెక్కువుంటాది. గుండె నరాల గోడలకి అది పట్టేస్తాది. దాన్ని తినీడానికి మన ఒంట్లోని కాపలా కణాలొస్తాయి. తిని తిని ఉబ్బిపోయి, అక్కడే సచ్చి పడుంటాయి. దారి మూసుకుపోతాది."

"కాపలాకొచ్చినోలే దారికడ్డం పడిపోతారేటి?"

"అదెందుకో కనిపెడదామనే విశాఖలో డాక్టర్లు ఇలాటి ఇళ్ళ రగతం సూస్తన్నారు. మనోడిది పంపితే వాళ్ళకీ తెలుస్తాది, మనకీ తెలుస్తాది."

సోమవారం నాగబాబు వెరావల్ వెళ్ళాలి. బోటు నడిపే సరంగు గంగులు వెంట తొమ్మిది మంది కుర్రాళ్ళు గుజరాత్ బోట్లలో ఎనిమిది నెలలు పని చేయడానికి బయలుదేరుతున్నారు. నడిసముద్రంలో వల లాగుతుండగా గుండె పట్టేస్తే ఒడ్డుకు చేరడానికే రెండు రోజులు. అందుకే లీలారాణి తొందరపడి శుక్రవారం పొద్దున్నే పరగడుపున రక్తం తీసి, గొట్టాలను ఐసు పెట్టెలో పెట్టింది. పెట్టెను కోటబొమ్మాళిలో రైలుకు అందించే ఆటో ఎంతకీ రాలేదు.

"రోడ్డుదాకా ఎల్లి సూసొస్తానప్పా. పెట్టె సల్లగా ఉండేటట్టు సూడు."

ఎండ ముదిరింది. బుల్లమ్మ మూత తీసి చూస్తే లోపలి ఐసు సంచులు మెత్తబడ్డాయి. ఆమె ప్రాణం ఊరుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా విజయనగరం బజారుకు కోనాం చేపను కంటి మెరుపు తగ్గకుండా పంపే చెయ్యి అది. ఐసు ముక్కలు దంచి, పిడికెడు కల్లుప్పు కలిపి, గొట్టాల చుట్టూ దట్టంగా కూరింది. ఉప్పు పడితే ఐసు మరింత చల్లబడుతుందని ఆ వీధిలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. పని చేసి, చీర కొంగుతో పెట్టె తుడిచి, గంగమ్మకు దండం పెట్టుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యీ అవ్వగానే లీలారాణి తెల్లచీరతో నేరుగా వచ్చేసింది. ముఖం వాడిపోయి ఉంది.

"రగతం పాడైపోనాదంట. మరీ సల్లబడి ఐసులా గడ్డకట్టి, కణాలు పగిలిపోనాయంట. కాపలా కణాలు బతికుంటేనే అక్కడ సూడగలరు. రేపు పొద్దున్న మళ్ళీ తియ్యాల."

నాగబాబు సంచి సర్దుతున్నవాడు విసురుగా లేచాడు. "మళ్ళీయా? మీ పని మీకు సేతకాదు, నా సేతికి కన్నాలు పెడతారా? నానివ్వను!"

"నా తప్పే నాయనా. ఇంకొక్కసారి ఇయ్యి."

బుల్లమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. పెట్టె నిండా ఉప్పు నీళ్ళున్నాయని విశాఖ వాళ్ళు ఫోనులో చెప్పి ఉండరా? అది ఎవరి చేతి పనో లీలారాణికి తెలియదా? తెలుసు. ఆ చల్లని కళ్ళు ఒక్కసారి బుల్లమ్మ వైపు చూసి, వెంటనే పక్కకు తిరిగాయి. మాట పడుతోంది గానీ పేరు చెప్పడం లేదు.

నర్సమ్మ వెళ్ళాక బుల్లమ్మ కొడుకు ఎదురుగా కూర్చుంది. "ఇయ్యరా బాబూ."

"నీకు తెలీదమ్మా. ఏదో రోగం పేరు పెట్టీసినారనుకో, గంగులు మావ నన్ను రైలెక్కనిస్తాడేటి? ఊళ్ళో నన్నెవుడు పిలుస్తాడు పనికి?"

ఇదన్నమాట అసలు భయం. సూది కాదు. బుల్లమ్మ వాడి దగ్గరకు జరిగింది. "పాడుసేసింది సిస్టరమ్మ కాదురా. నానే. ఐసు కరిగిపోతన్నాదని ఉప్పేసి పెట్టీసినాను."

నాగబాబు తెల్లబోయి చూశాడు. "నా రగతాన్ని కోనాం సేప సేసీసినావా?"

"సేసీసినాను."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే బుల్లమ్మ ఏడ్చేసింది. "ఇద్దర్ని కాయలనుకునే సముద్రానికి పంపీసినానురా. మూడోవోడినీ అలాగే పంపమంటావేటి?"

వాడు సంచి తాడు ముడివేసి, విప్పి, మళ్ళీ ముడివేశాడు. "సరే. ఇదే ఆఖరు."

రక్తం పరగడుపునే ఇవ్వాలి కాబట్టి చీకటి పడకముందే తినేసి, మరి ముట్టకూడదు. కానీ ఆ ఊరి ఆచారం ఒకటుంది. దూరం పోయే కుర్రాళ్ళు తెల్లారగానే ఒడ్డున గంగమ్మ గుడి దగ్గర చేరతారు. నైవేద్యం పెట్టిన అన్నం పెద్ద ముత్తయిదువ చేతి ముద్దగా తిని కదులుతారు. ఖాళీ కడుపుతో ఎవరూ గుడి ముందు నుంచి కదలరు. సముద్రంలో గాలి ఎదురు తిరుగుతుందని భయం.

సోమవారం తెల్లారింది. నర్సమ్మ గుడి దగ్గరికి రావడానికి ఇంకా పావుగంట ఉండగానే, పెద్ద ముత్తయిదువ లక్ష్మణమ్మ పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కడికీ ముద్ద పెట్టుకుంటూ వస్తోంది. ఎనిమిది మంది తిన్నారు. తొమ్మిదో ముద్ద నాగబాబు నోటిదాకా వెళ్ళింది. బుల్లమ్మ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఒసే, నీకు మతి పోనాదేటే? గంగమ్మ ముద్దకి అడ్డొస్తావా?"

"ఆగొదినా. రగతం ఇచ్చినాక తింటాడు."

"కొడుకు సముద్రానికెల్తంటే ఆకలితో సాగనంపే తల్లిని నిన్నే సూసినాను!"

ఆడవాళ్ళు గుసగుసలాడారు. బుల్లమ్మ పట్టు వదల్లేదు. నాగబాబు తలదించుకున్నాడు. అందరూ సరంగు వైపు చూశారు. గంగులు నోట్లోని చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"ఆ ముద్ద ఆకులో సుట్టి అమ్మోరి కాళ్ళ కాడ ఉంచు లక్ష్మణమ్మా. ఆవిడా తల్లే కదా, పావుగంట ఆగలేదేటి?"

ఆ ఒక్క మాటతో ఊరు చల్లబడింది. లీలారాణి పరుగులాంటి నడకతో వచ్చింది. గుడి అరుగు మీదే రక్తం తీసింది. మూడు గొట్టాలు విశాఖకు, వెంటనే ఫలితం తెలిసేందుకు ఒకటి కోటబొమ్మాళి లేబొరేటరీకి. పెట్టె తానే సర్దింది. ఆకు విప్పి, ముద్ద నోట్లో పెట్టి, "నవులు బాబూ, నవులు" అంటూ లక్ష్మణమ్మే కళ్ళు తుడుచుకుంది.

కుర్రాళ్ళ వ్యాను కోటబొమ్మాళి మీదుగానే వెళుతుంది. బుల్లమ్మ, లీలారాణి అందులోనే ఎక్కారు. లేబొరేటరీ ముందు గంగులు గడియారం చూసుకుంటూ, "గంట ఆగుతాను, అంతే" అన్నాడు. ఆ గంట బుల్లమ్మకు తరగలేదు. కుర్రాళ్ళు తెచ్చిచ్చిన టీ అలాగే చల్లారిపోయింది. యాభై నిమిషాలకు లీలారాణి కాగితం పట్టుకుని బయటకు వచ్చింది. నడక చూడగానే బుల్లమ్మ లేచి నిలబడింది.

"కొవ్వు రెండొందల లోపుండాల. నాలుగొందల డెబ్బై రెండున్నాది." ఫోనులో డాక్టరుతో మాట్లాడి మళ్ళీ వచ్చింది. "ఇయాలే విశాఖ రమ్మంటన్నారు. గుండె నరాలు ఎంత మూసుకుపోనాయో సూడాలంట. ఇది పోదు గానీ, మందులతో అదుపులో ఉంటాదంట. బోటు మాత్రం ఇప్పుడొద్దంట."

నాగబాబు కాగితం తిప్పి తిప్పి చూశాడు. "అన్నకెంతుండేదో" అన్నాడు. తర్వాత సరంగు వైపు తిరిగి, "మావా, మరి నా పని?" అన్నాడు.

"నీ పనెక్కడికీ పోదురా. నాను మీ అన్నని మోసినాను. నిన్ను మొయ్యలేను." గంగులు వ్యాను తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కు. విశాఖ దాకా మాతోనే."

విశాఖ స్టేషన్ ముందు అందరూ వ్యాను దిగారు, కుర్రాళ్ళు గుజరాత్ రైలెక్కారు. ఐసు కరగక ముందే పెట్టె అందించాలని, తల్లీకొడుకులను పెద్దాసుపత్రికి రమ్మని చెప్పి లీలారాణి ముందే వెళ్ళింది. రైలు కిటికీలోంచి కుర్రాళ్ళు అరిచారు.

"ఒరే నాగా! నర్సమ్మలున్నారని అక్కడే ఉండిపోకురోయ్!"

"మీరు బోటు మునగ్గొట్టకండ్రా, నానొస్తాను!"

రైలు కదిలింది. నాగబాబు అది మలుపు తిరిగే దాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. బుల్లమ్మ తొందరపెట్టలేదు. వాడు చెయ్యి దించాక, దారినపోయే కూలీని ఆపి అడిగింది.

"బాబూ, పెద్దాసుపత్రికి ఎటు ఎల్లాల?"